మంచి రన్ డిఫెన్స్ పెద్ద మ్యాచ్‌లో ఎందుకు చిత్తయిపోతుంది?

మీరు అడిగింది ఏంటంటే, అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్‌లో సీజన్ అంతా రన్ (బంతి పట్టుకుని పరిగెత్తే ప్లే) బాగా ఆపిన టీమ్ ఒక పెద్ద మ్యాచ్‌లో రెండొందలు, మూడొందల యార్డులు ఎలా సమర్పించుకుంటుంది, అవతలి లైన్ (రన్నర్‌కి దారి చేసే ముందు వరస బ్లాకర్లు) బలంగా ఉండటం వల్లా లేక కోచింగ్ వల్లా అని. నాకు తెలిసినంతవరకు బలం ఎలాగూ ఉండాలి, అది లేకపోతే మిగతాదంతా వేస్ట్, కానీ పెద్ద టీమ్‌లలో బలం రెండు వైపులా ఉంటుంది కదా, అక్కడ తేడా తెచ్చేది కోచ్. డిఫెన్స్‌లో ఒకడినో ఇద్దరినో పట్టుకుని, వాళ్ళకి వాళ్ళ కోచ్ నేర్పిన రూల్ ఏంటో ఫిల్మ్‌లో చూసి, ఆ రూల్ పాటించినందుకే వాళ్ళు దెబ్బ తినేలా ప్లే గీస్తాడు.

నేను ఎమ్మెస్‌కి ఒహాయోలోని కొలంబస్ వచ్చి ఇక్కడే ఉండిపోయిన బాపతు. మొదట్లో ఈ ఆట అస్సలు ఎక్కలేదు, ఐదు సెకన్లు ఆడతారు అర నిమిషం నిలబడతారు ఇదేం ఆటరా బాబూ అనుకునేవాణ్ణి. మావాడు హైస్కూల్ టీమ్‌లో లెఫ్ట్ గార్డ్ (లైన్ మధ్యలో ఉండేవాడికి ఎడమ పక్క బ్లాకర్) అయ్యాక కథ మారింది, ప్రాక్టీస్ అయ్యేదాకా కార్లో కూర్చునే బదులు ఫెన్స్ దగ్గర నిలబడి చూడటం అలవాటైంది, వాళ్ళ లైన్ కోచ్ కూడా ఏదన్నా అడిగితే ఓపిగ్గా చెప్పే మనిషి.

అక్కడ షూట్ అని ఒకటి ఉంటుంది, ఇనప పైపులతో చేసిన పొట్టి పందిరి లాంటిది. పిల్లలు దాని కింద వంగి కూర్చుని, విజిల్ వేయగానే వంగినవాళ్ళు వంగినట్టే ముందుకి దూసుకురావాలి, ఆత్రంగా పైకి లేచారా హెల్మెట్ పైపుకి ఠంగుమని కొట్టుకుంటుంది. కాళ్ళ మధ్య ఒక చెక్క పలక పెడతారు, పాదాలు దగ్గరికి వచ్చాయంటే దాన్ని తొక్కేస్తారు. తర్వాత డబుల్ టీమ్ డ్రిల్. ఇద్దరు బ్లాకర్లు తుంటికి తుంటి ఆనించి ఒకే డిఫెన్సివ్ టాకిల్‌ని, అంటే డిఫెన్స్ ముందు వరస మధ్యలో ఉండేవాడిని, వెనక్కి నెట్టాలి, చేతులు వాడి ఛాతీ మీద ఉంటాయి కానీ కళ్ళు మాత్రం వాడి వెనకున్న లైన్‌బ్యాకర్ మీద ఉండాలి. లైన్‌బ్యాకర్ ఎటు పక్క నుంచి వస్తే అటున్న బ్లాకర్ వదిలి వాడి మీదకి వెళ్ళాలి, రెండోవాడు టాకిల్‌ని ఒక్కడే మోయాలి. చెప్పడానికి ఇంతే. పిల్లలు చేసే పొరపాటు ఎప్పుడూ ఒకటే, లైన్‌బ్యాకర్ కనిపించగానే తొందరపడి వదిలేస్తారు, దాంతో టాకిల్ కదలకుండా అక్కడే ఉంటాడు, రన్నర్‌కి దారి ఉండదు. కోచ్ ఎప్పుడూ అరిచేది "ఉండు, ఇంకా ఉండు" అనే.

ఇప్పుడు లెక్క చెప్తా. ఐదుగురు లైన్‌మెన్, వాళ్ళ పక్కన చివర ఒక టైట్ ఎండ్ నిలబడితే ఆరుగురు బ్లాకర్లు, వాళ్ళ మధ్యా అటూ ఇటూ కలిపి ఏడు గ్యాపులు. డిఫెన్స్‌లో ఒక్కో గ్యాప్‌కి ఒక్కో మనిషి బాధ్యుడు. వాళ్ళకి ఒక అడ్వాంటేజ్ ఏంటంటే, ఆఫెన్స్‌లో బంతి పట్టుకున్నవాడు బ్లాక్ చేయడు, బంతి మొదట అందుకుని వాడికి ఇచ్చేసిన క్వార్టర్‌బ్యాక్ కూడా చేయడు, అంటే మిగిలింది తొమ్మిది మంది, అవతల పదకొండు మంది. ఈ ఇద్దరి లోటు ఎలా పూడ్చాలన్నదే రన్ స్కీమ్‌లన్నిటి గొడవ. క్వార్టర్‌బ్యాక్ పరిగెత్తగలిగితే డిఫెన్స్ ముందు వరస చివరుండే ఎండ్‌ని ఒకడిని కావాలనే బ్లాక్ చేయకుండా వదిలేసి, వాడు ఎటు కదిలితే దానికి వ్యతిరేకంగా బంతి తీసుకెళ్తారు, ఆ రకంగా ఒకడిని ముట్టుకోకుండానే ఆట నుంచి తీసేసినట్టు.

రెండో దారి పుల్లింగ్. గార్డ్ తన స్థానం వదిలి లైన్ వెనకగా అవతలి పక్కకి పరిగెత్తాడంటే ఇటు ఒక గ్యాప్ తగ్గి అటు కొత్త గ్యాప్ పుడుతుంది. బంతి స్నాప్ అయ్యేముందు, అంటే ప్లే మొదలుపెడుతూ బంతి వెనక్కి అందించే ముందు, లెక్కపెట్టుకున్న డిఫెన్స్ ఆ ఒక్క సెకన్లో మళ్ళీ లెక్కపెట్టుకోవాలి. కౌంటర్ అనే ప్లేలో ఇలా ఇద్దరు వస్తారు, ముందు వచ్చే గార్డ్ చివరున్న ఎండ్‌ని బయటికి తోస్తాడు, వెనక వచ్చే టాకిల్ (ఇతను ఆఫెన్స్ లైన్‌లో గార్డ్ పక్కనుండేవాడు) లైన్‌బ్యాకర్‌ని చూసుకుంటాడు. దీనికి విరుగుడుగా ఎండ్‌కి ఏం నేర్పుతారంటే, గార్డ్ నీ మీదకి వస్తుంటే వాడికి లోపలి వైపు దూరు, రన్ బయటికి పోతుంది, అక్కడ మనవాడు ఉంటాడు అని. సరే, కోచ్ అది ఫిల్మ్‌లో చూశాడనుకోండి, మ్యాచ్ రోజు గార్డ్ వాడిని బయటికి తోయడు, లోపలికి దూరాడు కాబట్టి అక్కడే మూసేసి తను చుట్టు తిరుగుతాడు, బంతి మొదటి నుంచీ బయటికే డిజైన్ చేసి ఉంటుంది. పాపం ఎండ్ నేర్పింది నేర్పినట్టు చేసి దొరికిపోతాడు. లైన్‌బ్యాకర్ సంగతీ అంతే, గార్డ్ ఎటు కదిలితే అటు పో అని వాడికి రూల్, అందుకే గార్డ్‌ని ఉత్తుత్తిగా ఎడమకి లాగి బంతి కుడికి ఇస్తారు.

ఇక నా కడుపుమంట. 2021 సెప్టెంబర్‌లో ఓరెగన్ మా కొలంబస్‌కే వచ్చి మా ఊరి టీమ్ ఒహాయో స్టేట్‌ని 35-28తో కొట్టింది, రన్‌లో 269 యార్డులు. కాలేజ్‌లో హాష్ మార్కుల (ప్లే ఎక్కడ మొదలవ్వాలో హద్దు చూపే రెండు గీతల వరసలు) మధ్య 40 అడుగులు ఉంటుంది, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నరే, అందుకే కాలేజ్‌లో బంతి ఒక హాష్ మీద ఉంటే ఒక పక్క చాలా ఖాళీ, ఇంకో పక్క చాలా ఇరుకు. డిఫెన్స్ సహజంగా విశాలమైన వైపు కాస్త మొగ్గి నిలబడుతుంది. ఓరెగన్ ఆ ఇరుకు వైపుకి టైట్ ఎండ్‌లని తెచ్చి ఇంచుమించు అదే రన్ మళ్ళీ మళ్ళీ పెట్టింది, వాళ్ళ రన్నర్ సీజే వెర్డెల్ ఒకటి 77 యార్డులు లాక్కుపోయాడు. ఒకే దెబ్బ అన్నిసార్లు తగులుతుంటే సైడ్‌లైన్ మీద సర్దుబాటు రాకపోవడం చూసి నాకు ఒళ్ళు మండింది. ఆ తర్వాత ఏ ప్లేకి డిఫెన్స్ ఎలా ఆడాలో చెప్పే పని డిఫెన్స్ కోచ్ కెర్రీ కూంబ్స్ చేతుల్లోంచి తీసేశారు.

అదే ఏడాది నవంబర్ 27న ఆన్ ఆర్బర్‌లో మంచు పడుతుంటే మిషిగన్ ఒహాయో స్టేట్‌ని 42-27తో కొట్టింది. రన్‌లో 297 యార్డులు, హసన్ హాస్కిన్స్ ఒక్కడే ఐదు టచ్‌డౌన్లు. ఆ ఏడాది దేశంలో బెస్ట్ లైన్‌కి ఇచ్చే జో మూర్ అవార్డ్ కూడా ఆ లైన్‌కే వచ్చింది. ఆ మ్యాచ్‌లో కొత్త మాయ పెద్దగా లేదు, డబుల్ టీమ్‌లో ఎంతసేపు ఉండాలో అంతసేపు ఉండి తర్వాత లైన్‌బ్యాకర్ మీదకి వెళ్ళారు, మావాడి కోచ్ అరిచేదే. ఆన్ ఆర్బర్‌లో ఉండే మా బావమరిది అప్పట్నుంచి ప్రతి నవంబర్‌లో "ఏం బావా" అని ఒక్క మెసేజ్ పెడతాడు, ఇంకేం రాయడు.

2022లో ఒహాయో స్టేట్ డిఫెన్స్ కోచ్‌గా జిమ్ నోల్స్‌ని తెచ్చుకుంది, ఆయనది దూకుడు డిఫెన్స్. ఫస్ట్ హాఫ్‌లో మిషిగన్ రన్ అసలు నడవలేదు, నడవనివ్వలేదు, కానీ రన్ ఆపడానికి జనం ముందుకొస్తే వెనక ఖాళీయే కదా, క్రికెట్‌లో అందరినీ దగ్గర పెట్టుకుంటే బౌండరీ దగ్గర ఎవడూ లేనట్టు, కార్నీలియస్ జాన్సన్ 69, 75 యార్డుల పాస్ టచ్‌డౌన్లు కొట్టాడు. ఫోర్త్ క్వార్టర్‌లో డోనవన్ ఎడ్వర్డ్స్, చేతికి కట్టుతోనే, 75 ఒకటి 85 ఒకటి పరిగెత్తేశాడు. మొదటి వరస దాటాక వెనక పట్టుకునేవాడే లేడు. మిషిగన్ 45-23తో గెలిచింది. అంతకుముందు చాలా రన్‌లు బాగానే ఆపారండీ, అందుకే సగటు నంబర్లు చూసి రన్ డిఫెన్స్‌ని నమ్మొద్దంటాను, రెండే రెండు ప్లేలు మ్యాచ్‌ని తీసుకుపోయాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం 2023 నవంబర్ 11, పెన్ స్టేట్‌లో మిషిగన్. మిషిగన్ హెడ్ కోచ్ జిమ్ హార్బా సస్పెన్షన్‌లో ఉంటే ఆయన స్థానంలో షెరోన్ మూర్ నిలబడ్డాడు, మనిషి అసలు లైన్ కోచ్. పెన్ స్టేట్ ఎండ్‌లు చాప్ రాబిన్సన్, అడీసా ఐజాక్ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌కి డ్రాఫ్ట్ అయినవాళ్ళు, క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకడంలో పేరున్నవాళ్ళు. మూర్ ఏం చేశాడంటే అసలు క్వార్టర్‌బ్యాక్‌నే వాళ్ళకి చూపించడం మానేశాడు. అదనపు లైన్‌మెన్‌ని దించి, అధికారిక లెక్కలో వరసగా 32 రన్ ప్లేలు, మ్యాచ్ మొత్తం మీద పాస్‌లు ఎనిమిదే. 24-15తో గెలిచి టీవీ ముందు ఏడ్చేశాడు. బయటికి మొండితనంలా కనిపిస్తుంది కానీ, పాస్ కోసం ముందుకి ఉరికే ఎండ్‌కి ఎదురుగా వంద కేజీల పైన ఉన్న బ్లాకర్ ఎక్కువైతే ఆ వేగం వాడికి ఏం పనికొస్తుంది, వాడు ఎంత ముందుకి వస్తే వాడి వెనక దారి అంత పెద్దది. బోరింగ్ మ్యాచ్ అన్నవాళ్ళతో నేను ఇప్పటికీ వాదిస్తా.

డిఫెన్స్ చేతులు కట్టుకుని కూర్చోదు లెండి, స్నాప్ అవ్వగానే లైన్ మొత్తం ఒక పక్కకి జరిపేస్తారు, అందరికంటే వెనకుండే సేఫ్టీని ఆలస్యంగా దించి లెక్క సరిచేస్తారు, గార్డ్ వదిలిన ఖాళీలోంచే లైన్‌బ్యాకర్‌ని పంపిస్తారు. ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు ఒక సిరీస్ పాటు (ఒక టీమ్ చేతిలో బంతి ఉన్నంతసేపు) బంతిని వదిలేసి ఇద్దరు గార్డుల్ని మాత్రమే చూడండి, సెకండ్ హాఫ్‌లో కొత్తగా ఏం మొదలుపెట్టారో టీవీ వాళ్ళు చెప్పకముందే తెలిసిపోతుంది.