ఇంజిన్ విప్పడానికి సంతకం పెట్టమంటున్నారు, పెట్టాలా?

సందేహం: మేం అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఉంటాం. ఏప్రిల్‌లో ఒక డీలర్ దగ్గర 34,000 డాలర్లకు సెకండ్ హ్యాండ్ సూపర్‌ఛార్జ్డ్ జెట్ బోటు కొన్నాను. ఫ్లోరిడా నుంచి తెప్పించామని చెప్పారు. బిల్లు మీద ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టుగా, ఏ హామీ లేకుండా) అని ఉంది, కానీ ఇంజిన్‌కు 60 రోజుల లిమిటెడ్ వారంటీ అంటూ డీలర్ పేరుతో విడిగా ఒక కాగితం కూడా ఇచ్చారు. ఏడో వారం లేక్ లేనియర్‌లో ఫుల్ స్పీడులో వెళ్తుంటే కీచుమని శబ్దం వచ్చింది, పవర్ పడిపోయింది, అలారం మోగి ఇంజిన్ ఆగిపోయింది. ఫ్రెండ్ బోటుకు తాడు కట్టి ర్యాంపు దాకా లాక్కొచ్చాం. ఇప్పుడు డీలర్ ‘సిలిండర్లలో నీళ్లున్నాయి, మీరు సరిగ్గా వాడలేదు, వారంటీ వర్తించదు, కొత్త ఇంజిన్‌కు 11,800 అవుతుంది’ అంటున్నారు. ఇంజిన్ విప్పి చూడటానికి సోమవారంలోపు సంతకం పెట్టాలట, లేకపోతే రోజుకు 40 డాలర్లు స్టోరేజీ వేస్తారట. ఇంట్లో అందరికీ టెన్షన్. ఏం చేయమంటారు? (పేరు వద్దన్నారు)

సమాధానం: ఆ కాగితం మీద ఇప్పుడున్నట్టుగా సంతకం పెట్టకండి. మీ కేసంతా ఆ ఇంజిన్ లోపలే ఉంది. దాన్ని ఒకసారి విప్పారంటే మళ్లీ ఇప్పుడున్నట్టు ఎవరూ పెట్టలేరు. ఇంజిన్‌ను ఎప్పటికీ విప్పొద్దని నేననడం లేదు, ఎప్పుడో ఒకప్పుడు విప్పాల్సిందే, కానీ ఎవరు విప్పుతారు, ఎవరి ముందు విప్పుతారు, తీసిన ముక్కలు ఎవరి దగ్గర ఉంటాయి అన్నవి ముందే రాతలో తేలాలి.

‘సిలిండర్లలో నీళ్లున్నాయి’ అనగానే తప్పు మీదే అయిపోయిందని మీరు కంగారు పడ్డట్టున్నారు. నీళ్లు ఉండటం నిజమే కావచ్చు, కానీ అవి ఎటు నుంచి వచ్చాయి, ఇంజిన్ ఆగకముందు వచ్చాయా ఆగాక వచ్చాయా అన్నది డీలర్ చెప్పలేదు, మీరూ అడగలేదు. ఈ రకం ఇంజిన్లలో సూపర్‌ఛార్జర్ గాలిని నొక్కి లోపలికి పంపుతుంది, నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి మధ్యలో ఇంటర్‌కూలర్ పెడతారు, చాలా జెట్ బోట్లలో దాన్ని చల్లబరిచేది బోటు అడుగు నుంచి లాగిన నీళ్లే. ఇంటర్‌కూలర్‌లో గాలినీ నీళ్లనూ వేరుచేసే పల్చటి గోడ ఎక్కడైనా తుప్పు పట్టి చిల్లు పడితే నీళ్లు నేరుగా గాలి దారిలోకి, అక్కడి నుంచి సిలిండర్‌లోకి వెళ్తాయి. అందులో మీ వాడకం తప్పేముంది?

ఇక్కడ మీ బోటు ఫ్లోరిడా నుంచి వచ్చిందన్న మాట చాలా విలువైనది. లేనియర్ మంచినీళ్ల సరస్సు, చట్టహూచీ నది మీద బ్యూఫర్డ్ డ్యామ్ కడితే ఏర్పడింది. ఏడు వారాలు అందులో తిరిగిన బోటు లోపల ఉప్పు పేరుకోదు. ఇంటర్‌కూలర్ లోపల అల్యూమినియం మీద తెల్లగా పొడిపొడిగా పేరుకున్నది కనిపించి, పరీక్షలో అది ఉప్పునీటి తుప్పు అని తేలిందనుకోండి, అది మీరు కొనకముందు నుంచీ ఉన్న లోపమని చూపించడానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. కాబట్టి ఇంటర్‌కూలర్‌ను కడగకముందే ఫొటోలు తీయాలి, ప్రెజర్ టెస్ట్ చేయాలి. వర్క్‌షాపుల్లో ఏదైనా విప్పగానే ముందు శుభ్రంగా కడిగేస్తారు, అది వాళ్ల అలవాటు. దురుద్దేశం లేకుండానే మీ సాక్ష్యం డ్రైనేజీలోకి పోతుంది.

ఇంకొకటి, ఫ్రెండ్ బోటుకు కట్టి లాక్కొచ్చామన్నారు. ఎంత స్పీడులో లాగారు? కొన్ని జెట్ మోడళ్లలో ఇంజిన్ ఆగి ఉండగా వేగంగా లాగితే కూలింగ్ పైపుల్లోకి నీళ్లు తోసుకొచ్చి ఎగ్జాస్ట్ నిండిపోయి వెనక్కి సిలిండర్లలోకి ఎక్కుతాయి. అందుకే అలా లాగేటప్పుడు ఫలానా పైపును క్లాంపుతో నొక్కమని ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. ఇది మీకు అనుకూలంగా పని చేయొచ్చు, ఎదురు తిరగొచ్చు కూడా. ఇంజిన్ ముందే వేరే కారణంతో పోయిందని, నీళ్లు తర్వాత లాగేటప్పుడు వచ్చాయని తేలితే డీలర్ వాదన సగం కూలిపోతుంది. మిగతా సగం, అంటే ఆ నీళ్ల వల్ల అదనంగా జరిగిన నష్టం, మీ మీద పడొచ్చు. మీ ఫ్రెండ్ చేత ఆ రోజు జరిగింది ఇప్పుడే, జ్ఞాపకం పచ్చిగా ఉన్నప్పుడే, ఉన్నదున్నట్టు రాయించి తారీఖు వేయించి ఉంచుకోండి.

మరి ముందు వచ్చింది ఏమిటన్నది లోపలి భాగాలే చెబుతాయి. నీళ్లు నిండిన సిలిండర్‌లో పిస్టన్ పైకి రాబోతే నీళ్లు నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అలా కాకుండా పిస్టన్ తల మీద గుంటలు పడి, రింగులు కూర్చునే గట్లు విరిగి ఉంటే అది డిటొనేషన్, అంటే ఇంధనం సరిగ్గా అందకో, తక్కువ ఆక్టేన్ గ్యాస్ (పెట్రోలు) వల్లో జరిగే పేలుడు. మీరు చెప్పిన కీచు శబ్దం నాకు సూపర్‌ఛార్జర్ బేరింగ్‌ను గుర్తు చేస్తోంది, అది అరిగి ముక్కలైతే లోహపు రజను ఆయిల్‌లో కనబడుతుంది. నేను మెకానిక్‌ను కాను, ఏది నిజమో చెప్పలేను. కానీ ఇంజిన్ విప్పకుండానే చేయగల పరీక్షలు ఉన్నాయని తెలుసు, ఆ వరుసలోనే చేయమని అడగండి. ముందు ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో, ఉన్న డేటా మొత్తం డౌన్‌లోడ్ చేయాలి, చాలా ఇంజిన్లలో మొత్తం గంటలు, ఏ ఆర్పీఎంలో ఎంతసేపు నడిచింది, ఎప్పుడు వేడెక్కింది అన్నవి దొరుకుతాయి, డీలర్ అమ్మేటప్పుడు చెప్పిన గంటలకు అవి సరిపోతాయో లేదో కూడా అక్కడే తేలుతుంది. తర్వాత ఆయిల్ శాంపిల్ తీసి లేబుల్ వేసి సీసాలో పెట్టాలి. స్పార్క్ ప్లగ్గులు తీసి ఏది ఏ సిలిండర్‌దో రాసి పెట్టుకుని, ఆ రంధ్రాల్లోంచి బోర్‌స్కోప్ కెమెరాతో ఫొటోలు తీయాలి. ఇవి మాత్రం ఈ వారమే జరగాలి, నీళ్లు నిలబడిన సిలిండర్‌లో తుప్పు త్వరగా పడుతుంది.

కొన్నేళ్ల కింద ఒకాయన నా దగ్గరికి వంటింటి టవల్లో పిస్టన్ చుట్టుకుని వచ్చారు. గుంట స్పష్టంగా కనబడుతోంది. కానీ అది ఏ సిలిండర్‌దో, అసలు ఆ ఇంజిన్‌దేనో చెప్పగల మనిషి లేడు, మిగతా ముక్కలు షాపువాళ్లు పారేశారు. ఆ పిస్టన్‌ను చేతిలో పట్టుకుని నేను ఆయనకు చెప్పగలిగింది ఏమీ లేకపోయింది. ఈ జవాబు ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

ఇక చట్టం సంగతి. ‘యాజ్ ఈజ్’ అన్న మాట చూసి వెనక్కి తగ్గకండి. 1975 నాటి మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం, 15 యూ.ఎస్.సి. 2308 ప్రకారం, కొనుగోలుదారుకు రాతపూర్వకంగా వారంటీ ఇచ్చిన అమ్మకందారు ‘ఇంప్లైడ్ వారంటీలు (కాగితం మీద రాయకపోయినా చట్టం ఇచ్చే హామీలు) ఏవీ లేవు’ అనడానికి వీల్లేదు, మహా అయితే వాటి గడువును తన వారంటీ గడువుకు, అది న్యాయమైనదైతే, కుదించుకోగలడు. మీకు ఇంజిన్ పోయింది ఏడో వారంలో, అంటే 60 రోజుల లోపలే. డీలర్ పేరుతో ఉన్న ఆ ఒక్క కాగితంతో ‘యాజ్ ఈజ్’ బలం చాలావరకు పోతుంది. ఇదే చట్టంలో మీరు గెలిస్తే లాయరు ఫీజు అవతలివాళ్ల చేత ఇప్పించే వీలుంది, కానీ అంతకంటే ముందు బాగుచేయడానికి వాళ్లకు ఒక అవకాశం ఇచ్చి తీరాలి.

మీరు బోటు వెనక్కిచ్చి డబ్బు అడగాలనుకుంటే జార్జియా కమర్షియల్ కోడ్ 11-2-608 ఉంది. అందులో ఒక షరతు గమనించండి: సరుకు స్థితి, దాని సొంత లోపం వల్ల కాకుండా, బాగా మారిపోకముందే మీరు ఆ మాట చెప్పాలి. ఇంజిన్ ముక్కలు ముక్కలుగా బల్ల మీద పరిచాక ‘స్థితి మారిపోయింది, ఇప్పుడు వెనక్కి తీసుకోం’ అని వాదించడానికి వాళ్లకు మీరే దారి ఇచ్చినట్టవుతుంది. లోపం సంగతి తగిన సమయంలో తెలియజేయకపోతే పరిహారమే పోతుందని 11-2-607 చెబుతుంది, కాబట్టి ఫోన్‌లో మాట్లాడింది చాలదు, ఈ రాత్రికే ఈమెయిల్ పెట్టండి.

అందులో రాయాల్సింది ఇంతే: ఫలానా రోజు ఇంజిన్ ఆగిపోయింది, వారంటీ కింద బాగుచేయమని అడుగుతున్నాను, నా తరఫు నిపుణుడు లేకుండా ఇంజిన్ విప్పడానికి అనుమతి ఇవ్వడం లేదు, ఇద్దరికీ కుదిరిన తారీఖున ఉమ్మడిగా పరీక్ష చేద్దాం, ఈసీయూ డేటా చెరపొద్దు, ఆయిల్ పారబోయొద్దు, తీసిన ఏ భాగమూ పారేయొద్దు. హల్ (బోటు బాడీ) మీద ఉన్న 12 అక్షరాల నంబరు, ఇంజిన్ సీరియల్ నంబరు కూడా వేయండి. ఇలాంటి ఉమ్మడి పరీక్షలకు ఏఎస్‌టీఎం ఈ860 అనే ప్రమాణం ఉంది, దాని ప్రకారం చేద్దామని ఒక వాక్యం చేరిస్తే అవతలివాళ్లకు మీరు ఊరికే అడగడం లేదని అర్థమవుతుంది. నిపుణుడంటే హల్ చూసే సర్వేయర్ కాదు, అదే రకం ఇంజిన్ల మీద పనిచేసిన మెరైన్ టెక్నీషియన్ కావాలి.

రోజుకు 40 డాలర్లకు నేనెక్కడ ఒప్పుకున్నానో ఆ కాగితం చూపించమనండి. అయినా పట్టుబడితే అభ్యంతరం తెలుపుతూ కట్టి రసీదు తీసుకోండి, ఐదు రోజులకయ్యే 200 కోసం బోటు వాళ్ల చేతిలో చిక్కుకుపోవడం మంచిది కాదు.

ఇన్సూరెన్సుకు ఫోన్ చేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. మామూలు పాలసీల్లో మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు కవరేజీ ఉండదు, మునిగితే మాత్రం ఉంటుంది, అందుకని ‘ఇంజిన్ లోపలికి నీళ్లు పోయాయి’ అని అక్కడ చెప్పాలని మనసు లాగుతుంది. అలా చెప్పిన మాట రేపు డీలర్ లాయరు చేతికి వస్తుంది. తెలిసింది మాత్రమే చెప్పండి.

కోర్టు దాకా వస్తే, జార్జియా మ్యాజిస్ట్రేట్ కోర్టు పరిమితి 15,000 డాలర్లు, మీ 11,800 అందులో సరిపోతుంది, లాయరు లేకుండా మీరే వేసుకోవచ్చు. మొత్తం 34,000 కావాలంటే స్టేట్ లేదా సుపీరియర్ కోర్టు. జార్జియా వినియోగదారుల రక్షణ చట్టమైన ఫెయిర్ బిజినెస్ ప్రాక్టీసెస్ చట్టం కింద కూడా అడగాలంటే 30 రోజుల ముందు రాతపూర్వక నోటీసు తప్పనిసరి.

ప్రీమియం గ్యాస్ పోయించిన రసీదులు, కార్డు స్టేట్‌మెంట్లు, అమ్మకం ప్రకటన స్క్రీన్‌షాట్లు అన్నీ ఒక చోట పెట్టండి. ఆ 60 రోజుల వారంటీ కాగితం వెనక పేజీ కూడా ఫొటో తీసి పంపండి. ఆర్బిట్రేషన్ షరతు (గొడవ వస్తే కోర్టుకు కాకుండా మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలనేది) సాధారణంగా అక్కడే సన్న అక్షరాల్లో ఉంటుంది, అది ఉంటే కోర్టు గురించి నేను పైన చెప్పింది మారుతుంది.