షుగర్ ఉన్నవాళ్ళకి కండ తగ్గకుండా మూలికల క్యాప్సూల్స్ పనిచేస్తాయా?

మీ అమ్మగారికి పదేళ్ళుగా షుగర్, తొడలు బాగా సన్నబడిపోయాయి, అశ్వగంధ తిప్పతీగ పొడపత్రి కలిపిన క్యాప్సూల్ మొదలుపెట్టొచ్చా అని అడిగారు కదండీ, మా నాన్నగారికి మేం ఇలాంటిదే చేశాం కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తాను.

నాన్నగారు 62 కేజీల నుంచి ఏడాదిలో 54కి వచ్చేశారు. మేం మొదట గమనించింది చేతి వాచీ, ఎప్పుడూ మణికట్టుకి పట్టినట్టు ఉండేది కాస్తా చెయ్యెత్తితే మోచేతి దాకా జారిపోయేది, పీట మీంచి లేవాలంటే గుమ్మం పట్టుకుని రెండు మూడుసార్లు ప్రయత్నిస్తే గానీ లేవలేకపోయేవారు.

తెలిసినవాళ్ళు చెప్తే పొడపత్రి ఆకు పొడి మొదలెట్టాం. ఆ ఆకు నమిలి అరటిపండు తింటే తీపే తెలీదు, అందులో ఉండే జిమ్నెమిక్ యాసిడ్స్ కాసేపు నాలుకకి తీపి తగలనివ్వవు. "చప్పగా ఉందిరా" అని నాన్న అనగానే మందు పనిచేస్తోందని మేం సంబరపడిపోయాం, కానీ నాలుక మీద పనిచెయ్యడం వేరు కండ మీద పనిచెయ్యడం వేరు కదండీ. పదిహేను రోజులకి ఒకరోజు తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు, మాట తడబడుతోంది, మిషన్‌లో చూస్తే షుగర్ 51కి పడిపోయింది. షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ టాబ్లెట్ వేసుకుంటూనే, షుగర్ తగ్గించేదే అయిన ఈ పొడి కూడా రెండు పూటలా తీసుకుంటున్నారు, డాక్టర్‌కి మేం చెప్పలేదు. గ్లూకోజ్ నీళ్ళు తాగిస్తే తేరుకున్నారు గానీ ఆ పావుగంట ఇప్పటికీ తలుచుకుంటే భయమేస్తుంది.

ఆ తర్వాత కూర్చుని చదివాను. ఫలానా మూలిక ఎక్స్‌ట్రాక్ట్ (సారం) కండని కాపాడింది అని వచ్చే పరిశోధన పేపర్లు చాలావరకు ఎలకల మీద చేసినవి, స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు ఎక్కించి ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్ని చంపి షుగర్ తెప్పిస్తారు. అశ్వగంధ మీద మనుషుల్లో చేసినవి ఉన్నాయి, 2015లో వచ్చినదాంట్లో రోజుకి 600 మిల్లీగ్రాములు 8 వారాలు ఇస్తే బలం పెరిగింది, కానీ వాళ్ళు బరువులెత్తే ఎక్సర్‌సైజ్ చేస్తున్న ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళు, అమ్మగారి లాంటివాళ్ళు కాదు. పైగా అశ్వగంధ, తిప్పతీగ రెండిటితోనూ లివర్ దెబ్బతిన్న కేసులు వచ్చాయి.

అసలు కండ ఎందుకు కరుగుతుందంటే, ఇన్సులిన్ చక్కెరని కణాల లోపలికి పంపడమే కాదు, కండలోని ప్రొటీన్ విరిగిపోకుండా కూడా ఆపుతుంది, అది చాలకపోతే ఒళ్ళు తన కండని తానే తినేస్తుంది. నాన్నకి హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, 10 దాటి ఉంది, డాక్టర్ ఇన్సులిన్ పెట్టారు. ఏళ్ళ తరబడి వాడిన మెట్‌ఫార్మిన్ అనే షుగర్ టాబ్లెట్ వల్ల బీ12 విటమిన్ తగ్గొచ్చని పరీక్ష చేయిస్తే అదీ తక్కువే. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష బాగానే ఉందని చూశాకే రోజూ రెండు గుడ్లు, గట్టి పప్పు, పెరుగు పెంచమన్నారు, కిడ్నీ తేడా ఉంటే అడక్కుండా పెంచకండి. ఇంకా కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, మొదటివారం మూడుసార్లకే ఆయాసం, నాలుగు నెలలకి పన్నెండుసార్లు. బరువు 58.

అమ్మగారు ఏ టాబ్లెట్లు వేసుకుంటున్నారో రాయండి, గ్లిమిపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ ఉంటే మాత్రం ఆ క్యాప్సూల్ డబ్బా డాక్టర్‌కి చూపించకుండా దయచేసి మొదలుపెట్టకండి.