చర్చికి కొత్తవాళ్ళు రెండు వారాలు వచ్చి ఎందుకు మానేస్తారు? మా సంఘంలో నేను చూసింది

"మా సంఘంలో పాత కుటుంబాలే మిగిలాయి, కొత్తవాళ్ళు రెండు మూడు ఆదివారాలు కనబడి మానేస్తున్నారు, యూత్ వెనక గోడకి ఆనుకుని ఫోన్లు చూసుకుంటున్నారు, చర్చికి మళ్ళీ కళ రావాలంటే ఏం చేయాలి" అని అడిగారు కదా. నేను పాస్టర్ని కాదు, సంఘపెద్దని కూడా కాదు, స్కూల్ టీచర్ని, స్త్రీల మైత్రిలో, అంటే చర్చి ఆడవాళ్ళ సంఘంలో, ఒక మెంబర్ని, అంతే. కాకపోతే ఒకప్పుడు ఆ రెండు మూడు ఆదివారాల మనిషిని నేనే, మా ఆయన ఊరు కాబట్టి మానేసే వీల్లేక ఉండిపోయాను, అందుకని అటువైపు నుంచి చెప్తా.

మాది ఒంగోలు వైపు, పక్కా బాప్టిస్టు ఇల్లు. 1878లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర హయాంలో గుండ్లకమ్మ దగ్గర ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మాలు ఇచ్చిన సంగతి మా తాతయ్య తనే ఒడ్డున నిలబడి లెక్కపెట్టినట్టు చెప్పేవాడు. పెళ్ళయి కృష్ణా జిల్లాలో పడ్డాను, ఇక్కడేమో సి.ఎస్.ఐ., అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, 1841లో బందరుకి నోబుల్, ఫాక్స్ అనే మిషనరీ దొరలు వచ్చిన దగ్గర్నుంచీ చరిత్ర చెప్పుకునే సంఘాల్లో ఒకటి. 1947లో సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకా కొందరు కలిశారు గానీ మా బాప్టిస్టులు కలవలేదు, ఆ తేడా ఎంతో నాకు పెళ్ళయిన మొదటి ఆదివారమే తెలిసొచ్చింది. ఎప్పుడు లేవాలో ఎప్పుడు మోకాళ్ళూనాలో తెలీదు, అందరూ ఆరాధన క్రమం చూడకుండా గడగడా చెప్పేస్తుంటే నేను పేజీలు తిప్పుకుంటూ ఉన్నా, పక్కావిడ చూసింది గానీ ఏ పేజీయో చెప్పలేదు. అలా మూడేళ్ళు. అందరూ "వందనాలమ్మా" అనేవాళ్ళు, నేనూ వందనాలు అనేదాన్ని, అక్కడితో సరి.

మారింది ఎప్పుడంటే చర్చి వార్షికోత్సవానికి ప్రేమవిందు చేసిన రోజు. వెనకాల రేకుల షెడ్డులో వంట జరుగుతోంది, నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నా, ఒక మామ్మగారు తలెత్తి "ఏవమ్మా ఒంగోలు కోడలా, చేతులు ఖాళీయేగా, రా, ఈ ఉల్లిపాయలు నీవే" అని తన కత్తిపీట నా ముందుకి తోసింది. ఒక బస్తా ఉల్లిపాయలండీ. కళ్ళమ్మట ధారలు, ముక్కు చీదుకుంటూ, ఆ రెండు గంటల్లో ఎవరి కూతురు పురిటికొచ్చింది, ఎవరికి ఎవరితో మాటల్లేవు, పాస్టరమ్మగారికి ఏ కూర పడదు, మొత్తం తెలిసిపోయింది. ఆ తర్వాతి ఆదివారం ఆ మామ్మ బెంచీ మీద జరిగి కూర్చుని, నా వైపు చూడకుండానే పక్కన చేత్తో తట్టింది. ఇప్పటికీ నాది అదే బెంచీ.

అందుకే మా చర్చిలో "కొత్తవాళ్ళని ఎలా పలకరించాలి" అని మీటింగ్ పెట్టినప్పుడల్లా నేను ఒక్కటే అంటాను, వాళ్ళకి పలకరింపు చాలదు, ఏదన్నా పని చెప్పండి అని. గుమ్మం దగ్గర చెయ్యి కలిపేవాళ్ళని పెట్టాం ఒక ఏడాది, ఇస్త్రీ చొక్కాలేసుకుని ఇద్దరు కుర్రాళ్ళు, పెళ్ళిలో పన్నీరు చల్లేవాళ్ళలాగా. ఎవరూ దానివల్ల ఉండిపోలేదు. ఉండిపోయిన వాళ్ళని లెక్కేసుకుంటే చాపలు పరిచినవాళ్ళు, పాటల పుస్తకాలు పంచినవాళ్ళు, సండే స్కూల్లో అటెండెన్స్ రాసినవాళ్ళు. ఊళ్ళోకి బ్యాంకు ఉద్యోగానికి వచ్చిన ఒకాయన్ని రెండో వారమే కానుకలు లెక్కపెట్టడానికి కూర్చోబెట్టారు, "ఇంకా ఎవరో తెలీదు, డబ్బుల దగ్గరా?" అని పెద్దలు గొణిగారు, ఆయన ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా ఆరేళ్ళు ఒక్క ఆదివారం మానలేదు.

తర్వాత ఆ మొదటి ప్రశ్న. మన దగ్గర కొత్త మనిషి కనబడగానే "ఏ ఊరమ్మా? ఎవరి తాలూకు? ఇంటిపేరేంటి?" అని అడుగుతాం. ఇందులో తప్పేముంది, చుట్టరికం కలుస్తుందేమో అని అడుగుతాం అంటారు. కొంతవరకు నిజమే. కానీ ఆ ఇంటిపేరు ఎందుకు అడుగుతున్నారో అడిగేవాళ్ళకీ తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు. ఒకే ఊళ్ళో ఒకే మిషనుకి రెండు పేటల్లో రెండు చర్చిలు ఎందుకున్నాయో అందరికీ తెలుసు, ప్రసంగంలో మాత్రం ఎవరూ అనరు. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తింటాం, సంబంధం మాట దగ్గర ఆగిపోతాం. దీన్ని నేనేదో సరిచేశానని చెప్పను, మేం చేసిందల్లా స్త్రీల మైత్రిలో కొత్తావిడని మొదటి నెల ఇంటిపేరు అడగకూడదని అనుకోవడం. బదులుగా "టిఫిన్ అయిందా" అని అడుగుతాం. మొదట్లో నవ్వులాట అయింది, ఇప్పుడు అలవాటైపోయింది.

దీనికి తోడు రిజిస్టరు. చాలామంది పాస్టర్లు రెండో వారానికే పేరు, అడ్రసు, బాప్తిస్మం ఎప్పుడు అని పుస్తకం పట్టుకొస్తారు, ప్రేమతోనే. కానీ ఎస్సీలు ఎవరో చెప్పే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితులు క్రైస్తవులైతే ఎస్సీ హోదా పోతుంది, మన రాష్ట్రంలో బీసీ-సి కిందకి వస్తారు. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి మినహాయింపు వచ్చింది, మనకి రాలేదు. పిల్లల సీటు, ఉద్యోగం ముడిపడి ఉన్న వ్యవహారం. ఆ పుస్తకం చూడగానే మొహం మారిపోయి మళ్ళీ కనబడని వాళ్ళని నేను చూశాను. ఎవరి నిర్ణయం వాళ్ళది, వాళ్ళంతట వాళ్ళు అడిగేదాకా పుస్తకం బీరువాలో ఉంటే నష్టమేం లేదు.

"ఈరోజు కొత్తగా వచ్చినవాళ్ళు దయచేసి లేచి నిలబడండి" అనడం కూడా మాన్పించండి బాబూ, నేను నిలబడ్డాను ఒకసారి, అందరూ తిరిగి చూసి చప్పట్లు, పెళ్ళిచూపులే నయం. అలాగే కృతజ్ఞతకానుకలు చదివేటప్పుడు "ఫలానావారు 5000, ఫలానావారు 50" అని మొత్తం చదివేవారు. ఆ 50 ఇచ్చినావిడ కూలికి వెళ్ళే మనిషి, తల దించుకుంది. ఇప్పుడు పేరూ, ఎందుకు ఇచ్చారో మాత్రమే చదువుతున్నారు, పుట్టినరోజనో, జ్వరం తగ్గిందనో. అంకె తీసేశారని అలిగిన పెద్దకుటుంబాలు ఉన్నాయి, ఒకరిద్దరు కానుక తగ్గించేశారు కూడా, ఆ సంగతి దాచను. మా చర్చిలో ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లుంటాయి లెండి, ఎర్ర పెయింటుతో, కరెంటు పోయినప్పుడు చదువుకోవచ్చు.

బాత్రూమ్ గురించి ఎవరూ రాయరు, నేను రాస్తా. ముందు ఆర్చి గేటుకీ గ్రానైటుకీ లక్షలు పోశారు, ఆడవాళ్ళకి బాత్రూమ్ లేదు. మూడు గంటల ఆరాధన. షుగర్ ఉన్న పెద్దావిడ, కడుపుతో ఉన్న అమ్మాయి, పసిపిల్ల తల్లి, వీళ్ళు ఎందుకు రావట్లేదని విశ్వాసం మీద ప్రసంగం చెప్తే ఏం లాభం? మేం స్త్రీల మైత్రి తరఫున పచ్చళ్ళు పెట్టి అమ్మి, ఆవకాయ, గోంగూర, రెండు వేసవులు, ఆ డబ్బుతో కట్టించాం. పనిలో పనిగా మెట్ల పక్కన ర్యాంపు కూడా పోయించాం. దీనివల్ల వచ్చిన మనుషులు కీబోర్డువల్ల రాలేదు, నాది గ్యారంటీ.

కీబోర్డు అన్నాను కాబట్టి పాటల గొడవ. మీ దగ్గరా ఉండే ఉంటుంది. యూత్‌కి ప్యాడ్స్, డ్రమ్స్, కొత్త పాటలు కావాలి, పెద్దలకి పాత కీర్తనలు కావాలి. మా దగ్గర ఏడాదిపాటు ఇదే రగడ, యూత్ పాడుతుంటే పెద్దలు చెవులు మూసుకోవడం, పెద్దలు సాగదీసి పాడుతుంటే యూత్ బయటికి పోవడం. ఒకసారి స్త్రీల మైత్రి టూర్‌లో డోర్నకల్ వెళ్ళాం, అక్కడ అజరయ్య బిషప్పుగారు కట్టించిన కెథడ్రల్ ఉంది కదా, 1939 నాటిది, గుమ్మటాలు మసీదులా, రాతి స్తంభాలు గుడి మండపంలా. మా తబలా తాతగారు కూడా వచ్చారు, ఆ స్తంభాన్ని తడిమి "ఇదిరా, మన మనిషి లోపలికొస్తే కొత్త చోటనిపించకూడదు" అన్నారు. ఆ తాతగారి తబలా ఎనిమిదేళ్ళుగా వెస్ట్రీలో, అదే చర్చి పక్కగదిలో, గుడ్డ కప్పి ఉంది, కీబోర్డు వచ్చాక ఆయన్ని ఎవరూ పిలవలేదు.

తిరిగొచ్చాక మా పాస్టరుగారు చేసిన పని ఏంటంటే, శనివారం సాయంత్రం ముగ్గురు యూత్ కుర్రాళ్ళని ఆ తబలా తాతగారి ఇంటికి పంపారు. పాత కీర్తనల పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి, చిన్నప్పట్నుంచీ ఆ లైను చూస్తున్నాం, అదేంటో మాలో సగం మందికి తెలీదు. ఆ తాత ఆదితాళం చేత్తో వేసి చూపిస్తుంటే మొదటి వారం నవ్వుకున్నారట, నాలుగో వారానికి డ్రమ్స్ వాయించే కుర్రాడు "తాతా, ఆ నడక మళ్ళీ ఒకసారి" అని వీడియో తీసుకుంటున్నాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఒక పాత కీర్తన తబలా, తాళాలతో పాడుతున్నాం, స్పీడు కొంచెం పెంచారు, పెద్దలు ఒప్పుకున్నారు, దానికి బదులు కొత్త పాటకి పెద్దలు బయటికి పోవట్లేదు. గొడవ పూర్తిగా పోయిందని కాదు, సౌండ్ దగ్గర ఇంకా ఉంది. అన్నట్టు గోపురం మీద హార్ను మైకు దింపేశాం, తెల్లారుజామున ఐదింటికి వీధంతా వినిపిస్తే పక్కింటివాళ్ళకి అది సువార్తలా వినిపించదు కదా. దింపిన ఏడాదే క్రిస్మస్ క్యారల్స్‌కి ఆ వీధిలో నాలుగు హిందువుల ఇళ్ళవాళ్ళు గుమ్మంలో ముగ్గేసి మమ్మల్ని పిలిచారు.

ఫెయిలైనవి కూడా చెప్పాలి. బిర్యానీ పెట్టి "స్నేహితుల ఆదివారం" చేశాం, చర్చి నిండిపోయింది, తర్వాతి వారం మళ్ళీ మేమే. వాట్సాప్ గ్రూపు గుడ్‌మార్నింగ్ వాక్యాలతో నిండిపోయి అందరూ మ్యూట్ చేశారు. ఎల్.ఈ.డి. స్క్రీనువల్ల మాత్రం ఒక లాభం ఉంది, నాలాగా పేజీ తెలియనివాళ్ళకి ఆరాధన క్రమం కనబడుతుంది.

పనికొచ్చింది కోత పండుగ. అదివరకు పొలాలున్నవాళ్ళే ధాన్యం బస్తాలు తెచ్చేవాళ్ళు, మిగతావాళ్ళం చూసేవాళ్ళం. ఇప్పుడు ఎవరికున్నది వాళ్ళు, హాస్టల్లో ఉండే నర్సింగ్ అమ్మాయిలు కాగితం పూలు చేసి తెస్తారు, టైలర్ ఆవిడ గుమ్మాలకి తోరణాలు, ఆ 50 రూపాయల ఆవిడ తన పాదు సొరకాయ తెచ్చింది పోయిన సంవత్సరం. వేలం పాటలో ఆ సొరకాయ 60కి మొదలైంది, ఒకాయన 400కి పాడుకుని మళ్ళీ చర్చికే ఇచ్చేశాడు, ఇంకొకాయన 700కి పాడి అతనూ ఇచ్చేశాడు, అలా నాలుగుసార్లు అమ్ముడుపోయింది. ఆవిడ ప్రతిసారీ లేచి "అది మా పాదుదే" అని చెప్తోంది. చివరికి నర్సింగ్ అమ్మాయిలు చందాలేసుకుని పాడుకున్నారు, హాస్టల్లో వండుకోవడానికి స్టవ్ లేదని తర్వాత గుర్తొచ్చింది వాళ్ళకి, అందుకని షెడ్డులో మామ్మ కత్తిపీట మీద నేనే తరిగాను, పక్కన ఉల్లిపాయలు ఒలిచింది వాళ్ళే.