ఆర్డర్ వచ్చింది, డబ్బు రాలేదు: ఈలోగా లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. వయసు 64. 2021 జూన్ 1న రిటైర్మెంట్ డబ్బులోంచి 3 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేద్దామని బ్యాంకుకు వెళ్లాను. ‘దానికంటే మంచి స్కీము ఉంది’ అంటూ సంతకాలు పెట్టించుకున్నారు. మరుసటి ఏడాది అదే తేదీన ఖాతాలోంచి ఇంకో 3 లక్షలు పోయాక గానీ అది ఏటా ప్రీమియం కట్టాల్సిన ఇన్సూరెన్స్ పాలసీ అని తెలియలేదు. 2022 డిసెంబరు 1న జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. కట్టిన 6 లక్షలూ, కట్టిన తేదీల నుంచి 9 శాతం వడ్డీ, ఖర్చుల కింద 10 వేలు బ్యాంకు, ఇన్సూరెన్స్ కంపెనీ 45 రోజుల్లో ఇవ్వాలని ఆర్డర్ వచ్చింది. గడువు దాటి నాలుగు నెలలైంది. అడిగితే ‘ఫైలు హెడ్డాఫీసుకు వెళ్లింది’ అంటున్నారు. మొన్న ఒకాయన ఫోన్ చేసి, 6 లక్షలకు ఒప్పుకుంటే వారంలో వేసేస్తామన్నాడు. మా అబ్బాయి కట్టుకుంటున్న ఇల్లు స్లాబు దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు అదే బ్యాంకులో 6 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని పని కానిచ్చి, వాళ్ల డబ్బు రాగానే తీర్చేద్దామనుకుంటున్నాను. మంచిదేనా?

జవాబు: మాస్టారూ, లోన్ వద్దు. ముందు ఆ మాట చెప్పేసి మిగతా విషయాలకు వస్తాను.

లెక్కలు చెప్పిన వారికి లెక్క చూపించడం సాహసమే అయినా, ఒకసారి చూడండి. ఆర్డర్ ప్రకారం మీ 6 లక్షల మీద నెలకు 4,500 వడ్డీ పెరుగుతోంది. పర్సనల్ లోన్ 14 శాతానికి దొరికిందనుకుంటే మొదటి నెల వడ్డీయే 7,000. ఐదేళ్ల గడువు పెట్టుకుంటే కిస్తీ దాదాపు 14,000. ఆ 4,500 కాగితం మీద పెరుగుతుంది, ఈ 14,000 మాత్రం ప్రతి నెలా పింఛన్లోంచి పోతుంది. బ్యాంకు డబ్బు వచ్చే నెల వస్తే పెద్ద నష్టం లేదు. కానీ రెండేళ్లు పడితే? ఆ తేదీ మీ చేతిలో లేదు. తేదీ తెలియని రాబడిని నమ్ముకుని, తేదీ తప్పకుండా కట్టాల్సిన అప్పు చేయకూడదు.

పైగా అదే బ్యాంకులోనా? మీకు ఇవ్వాల్సిన సొమ్మును మీ లోన్‌కి జమ చేసి చేతులు దులుపుకునే అవకాశం వాళ్లకు మీరే ఇచ్చినట్టవుతుంది. అప్పుడు ఎంత ఇచ్చారు, ఎంత ఇవ్వాలి అన్నది తేల్చడం ఇంకో తలనొప్పి. ఆ లోన్‌తో పాటు ‘లోన్ సురక్ష’ అంటూ మరో పాలసీ అంటగట్టరని కూడా నేను హామీ ఇవ్వలేను.

ఇప్పుడు ఆ ఫోన్ కాల్ సంగతి. ఆయన ఎవరు? బ్యాంకు మనిషా, కంపెనీ మనిషా, లేక మీ కేసు వివరాలు ఎక్కడో పట్టుకున్న మోసగాడా? ఇన్సూరెన్స్ డబ్బు కోసం ఎదురుచూసేవాళ్లను వెతికి పట్టుకునే ముఠాలు ఉన్నాయి. ‘ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు రిలీజ్ అయింది, ముందు జీఎస్టీ కట్టండి’ అంటారు. ఐఆర్‌డీఏఐ అంటే ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే సంస్థ. అది పాలసీలు అమ్మదు, డబ్బు ఇప్పిస్తామని ఇళ్లకు ఫోన్లూ చేయదు. మీకు రావాల్సిన డబ్బు కోసం మీరే ముందు ఏదో కట్టాలని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. ఓటీపీ చెప్పొద్దు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఆ మనిషి నిజంగా బ్యాంకువాడే అయితే, చెప్పిన మాట లెటర్‌హెడ్ మీద రాసిమ్మనండి. నోటిమాటతో ఏమవుతుందో 2021లోనే చూశారు.

అసలు ఆ 6 లక్షల బేరం ఎంత అన్యాయమో చూద్దాం. 2025 డిసెంబరు 1 వరకు లెక్క వేస్తే, మొదటి 3 లక్షలకు నాలుగున్నరేళ్ల వడ్డీ 1,21,500. రెండో 3 లక్షలకు మూడున్నరేళ్ల వడ్డీ 94,500. వడ్డీ మొత్తం 2,16,000. అసలు, ఖర్చులు కలిపితే 8,26,000. అంటే 6 లక్షలకు సంతకం పెడితే మీరు వదులుకునేది 2,26,000. ఇంత పోగొట్టుకోవడానికా మీరు కమిషన్ మెట్లు ఎక్కింది?

రాజీయే పడకూడదని కాదు. ఎనిమిది లక్షలు దాటి డీడీ చేతిలో పెట్టి, ఖర్చుల పదివేలు వదిలేయమంటే నేనైతే వదిలేస్తాను. అప్పీళ్ల చుట్టూ తిరగడం కంటే అది నయం. వడ్డీ మొత్తం వదిలేయమంటే మాత్రం కుదరదు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంటుంది. ‘సరే, వడ్డీతోనే ఇస్తాం’ అని ఒప్పుకున్నాక, వడ్డీని కట్టిన తేదీ నుంచి కాకుండా కేసు వేసిన తేదీ నుంచి లెక్క కడతారు. మీ విషయంలో అలా చేస్తే 6 లక్షలకు మూడేళ్ల వడ్డీ 1,62,000 అవుతుంది. చూడటానికి పెద్ద మొత్తంలానే ఉంటుంది, కానీ 54 వేలు తగ్గిపోయింది. అలాగే, ప్రీమియంలో పోయిన జీఎస్టీ వెనక్కి రాదని కోత పెట్టేవాళ్లూ ఉన్నారు. మీరు కట్టిన 6 లక్షలూ ఇవ్వాలని ఆర్డర్‌లో ఉంది కాబట్టి, జీఎస్టీ ఎవరికి కట్టారన్నది వాళ్ల తలనొప్పి. వడ్డీ లెక్క కాగితం మీద అడగండి. మీ లెక్క కూడా టైపు చేయించి జత చేయండి.

సగమో ముప్పాతికో ముందే ఖాతాలో పడితే కంగారుపడి తిప్పి పంపక్కర్లేదు. ‘ఆర్డర్ ప్రకారం రావాల్సిన దాంట్లో కొంత భాగంగా తీసుకుంటున్నాను, మిగతాది బాకీ ఉంది’ అని అదే రోజు మెయిల్ పెట్టండి. ‘ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్’ అన్న మాట ఉన్న ఏ రసీదు మీదా, మొత్తం చేతికి రాకుండా సంతకం పెట్టకండి. డిశ్చార్జ్ వోచర్ అని ఒకటి ఇస్తారు, ‘నాకు రావాల్సింది ముట్టింది, ఇక బాకీ లేదు’ అని రాసివ్వడమే అది. చాలామంది చదవకుండా సంతకం చేసేది దాని మీదే.

ఇక డబ్బు రాబట్టడం. ముందుగా ఆర్డర్ చివరి పేజీ తీయండి. బ్యాంకు, కంపెనీ ‘ఉమ్మడిగానూ, విడివిడిగానూ’ బాధ్యులని ఉందా? ఉంటే మొత్తం సొమ్ము ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చు. బ్రాంచి మేనేజరు కంపెనీని చూపించడం, కంపెనీ బ్యాంకును చూపించడం అనే ఆట అక్కడితో ఆగిపోతుంది. వాళ్లలో ఎవరి వాటా ఎంతో వాళ్లే తేల్చుకుంటారు.

తర్వాత కమిషన్ ఆఫీసులో ఒకసారి కనుక్కోండి. ఇది చాలామందికి తట్టదు. కొన్నిసార్లు ఎదుటి పక్షం మీకు నేరుగా ఇవ్వకుండా కమిషన్ పేరున డీడీ తీసి అక్కడే జమ చేస్తుంది. మీరు బ్యాంకు చుట్టూ తిరుగుతుంటారు, డబ్బు కమిషన్ ఖాతాలో ఉంటుంది. దాన్ని విడుదల చేయమని మీరు దరఖాస్తు పెట్టుకోవాలి.

అక్కడ జమ కాలేదంటే, వాళ్లు అప్పీలుకు వెళ్లారేమో చూడాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్ ఆర్డర్ మీద రాష్ట్ర కమిషన్‌కు వెళ్లడానికి గడువు 45 రోజులు. ఆలస్యమైతే సరైన కారణం చూపించాలి. డబ్బు కట్టాల్సినవాళ్లు అప్పీలు వేయాలంటే ఆర్డర్‌లోని మొత్తంలో సగం ముందుగా జమ చేయాలి. మీ కేసులో అది నాలుగు లక్షల పైమాటే, కాబట్టి ఊరికే కాలయాపన కోసం వేసే అప్పీళ్లు కొంత తగ్గుతాయి. అప్పీలు వేసినంత మాత్రాన ఆర్డర్ ఆగదు, స్టే వస్తేనే ఆగుతుంది. ‘హెడ్డాఫీసులో ఫైలు’ అన్నది స్టే కాదు. కేసుల స్థితి ఈ-జాగృతి పోర్టల్‌లో కనిపిస్తుంది. మీ అబ్బాయి ఫోన్లో చూసి చెప్పగలడు.

స్టే లేదంటే ఇక ఆగాల్సిన పని లేదు. ఇద్దరికీ స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపండి: ఆర్డర్ కాపీ, మీ వడ్డీ లెక్క, ఖాతా వివరాలు, 15 రోజుల గడువు. అందినట్టు వచ్చిన కాగితం దాచండి. ఆ గడువూ దాటితే అదే జిల్లా కమిషన్‌లో ఎగ్జిక్యూషన్ పిటిషన్, అంటే ఆర్డర్ అమలు చేయించమనే దరఖాస్తు, వేయాలి. చట్టంలోని 71వ సెక్షన్ ప్రకారం కమిషన్ ఆర్డర్‌ను సివిల్ కోర్టు డిక్రీ లాగే అమలు చేయించవచ్చు, ఆస్తుల జప్తు దాకా వెళ్లవచ్చు. 72వ సెక్షన్ ఇంకా ఘాటైనది. ఆర్డర్ పాటించనివాళ్లకు నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేలకు తగ్గకుండా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఒక మేనేజరు జైలుకు వెళ్లాలని మీకూ ఉండదు, నాకూ లేదు. కానీ ఆ సెక్షన్ కింద బ్రాంచికి నోటీసు వెళ్తే హెడ్డాఫీసులో ఫైలు కదులుతుంది. కేసు నడిపిన లాయరు ఉంటే ఈ పని ఆయనకే అప్పగించండి, ఫీజు ముందే మాట్లాడుకోండి. ‘వచ్చినదాంట్లో ఇంత శాతం’ అనే ఒప్పందానికి వెళ్లకండి.

కంపెనీ ఒరిజినల్ పాలసీ బాండు అడగవచ్చు. ఇచ్చే ముందు ప్రతి పేజీ జిరాక్స్ తీసుకుని, అందినట్టు స్టాంపు వేయించుకోండి. ‘సరెండర్ ఫారం నింపండి, పని త్వరగా అవుతుంది’ అంటే మాత్రం నింపకండి. సరెండర్ అంటే పాలసీని మీ ఇష్టంతో వదులుకుని వాళ్లిచ్చినంత తీసుకోవడం. ఆర్డర్ ప్రకారం డబ్బు వెనక్కి తీసుకోవడం వేరు. ఖాతాలో పాత ఆటో డెబిట్ ఇంకా బతికే ఉందేమో కూడా చూడండి, ఉంటే రాతపూర్వకంగా ఆపించండి.

పన్ను గురించి రెండు ముక్కలు. మీ 6 లక్షలు మీకు తిరిగి రావడం ఆదాయం కాదు. వడ్డీ భాగాన్ని మాత్రం వచ్చిన ఏడాది రిటర్న్‌లో చూపించాలి. టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) కోసి వేస్తే ఆ వివరం మీ పన్ను ఖాతాలో కనిపిస్తుంది. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను ఉండదు కాబట్టి, పింఛను, వడ్డీ కలిపి ఆ లోపే ఉంటే కోసింది రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ ప్రీమియాలు చూపించి అప్పట్లో 80సీ మినహాయింపు తీసుకుని ఉంటే ఆడిటరుకు దాచకుండా చెప్పండి.

ఇక స్లాబు. అది ఏ దశలో ఆగిందో మీరు రాయలేదు. గోడల దగ్గరే ఆగిందంటే కొన్ని నెలలు ఆగినా కొంపేమీ మునగదు. సెంట్రింగ్ కొట్టి ఇనుము కట్టేసి ఉంటే సంగతి వేరు. సెంట్రింగ్ అద్దె పెరుగుతుంది, వానలకు ఇనుము తుప్పు పడుతుంది, అప్పుడు కాంక్రీటు పోసేయడమే మేలు. దానికైనా మొదటి దారి మీ పింఛను కాదు, మీ అబ్బాయి జీతం. ఇల్లు అతనిది. ప్లాన్ అప్రూవల్, స్థలం కాగితాలు సరిగ్గా ఉంటే అతని పేరున హౌసింగ్ లోన్ పర్సనల్ లోన్ కంటే బాగా తక్కువ వడ్డీకి వస్తుంది. అది కుదరకపోతే ఇంట్లో ఉన్న కాస్త బంగారం మీద, స్లాబు పోయడానికి ఎంత కావాలో అంతే, వేరే బ్యాంకులో తీసుకోండి. ఆర్డర్ డబ్బు రెండేళ్ల దాకా రాకపోయినా మీ ఇద్దరూ కలిసి తీర్చగలిగినంతే సుమా. పైకప్పు పడ్డాక ప్లాస్టరింగ్, టైల్స్ వగైరా ఆగొచ్చు.

డబ్బు వచ్చినప్పుడు దాన్నంతా ఇంటికే పెట్టేయకండి. ఆ 6 లక్షలు మీ రిటైర్మెంట్ సొమ్ము. వడ్డీగా వచ్చినది కావాలంటే అబ్బాయికి ఇవ్వండి, అసలు మాత్రం సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేసుకోండి. 60 దాటినవాళ్లు 30 లక్షల దాకా వేయవచ్చు. ఐదేళ్ల గడువు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది, ఖాతా తెరిచిన నాటి రేటే ఐదేళ్లూ ఉంటుంది. బ్యాంకులోనూ తెరుస్తారు, పోస్టాఫీసులోనూ తెరుస్తారు. మీరు పోస్టాఫీసుకే వెళ్లండి, మేడమ్‌గారిని కూడా తీసుకెళ్లి జాయింటుగా తెరవండి, నామినీ గడి ఖాళీగా వదలకండి.