మోయాబ్ రాళ్ల మీద కొత్తవాళ్లతో

ప్రశ్న: సాల్ట్ లేక్ సిటీ నుంచి ఆరుగురం మౌంటెన్ బైకులతో యూటా రాష్ట్రంలో ఉన్న మోయాబ్‌లోని స్లిక్‌రాక్ ట్రైల్‌కి వెళ్తున్నాం. ఇద్దరు కొత్తవాళ్లు. వాళ్లకి అక్కడున్న చిన్న చుట్టు దారి, ప్రాక్టీస్ లూప్, సరిపోతుందా?

జవాబు: పేరు చూసి మోసపోకండి, అది పొడవులోనే చిన్నది, ఎక్కుడూ దిగుడూ మాత్రం పెద్ద లూప్ లాగే నిటారుగా ఉంటాయి. అందుకే వాళ్లని ముందు ఏదైనా తేలిక ట్రైల్‌కి తీసుకెళ్లండి, ఇది నా గట్టి మాట. పొడి ఇసుకరాయిని టైరు బాగానే పట్టుకుంటుంది, దిగేటప్పుడు టెన్షన్‌లో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే బైకు తలకిందులవ్వొచ్చు, కాబట్టి సీటు దించి, ఒంటి బరువు వెనక్కి వేసి, రెండు బ్రేకులూ మెల్లగా వాడమనండి. దారిలో నీళ్లు దొరకవు, నీడా తక్కువే. తెల్లవారగానే బయల్దేరండి, దారి చూపడానికి రాతి మీద వేసిన తెల్ల గీతలు వదలొద్దు. భయమేస్తే దిగి నడిపించుకోనివ్వండి, ఎవరూ తొందరపెట్టకండి.