పిల్లి గుడ్డ చప్పరిస్తుంటే

చిట్టీ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసు నీ దగ్గరే ఉంది. నువ్వు పడుకోగానే మీ పిల్లి బుజ్జి, దుప్పటి మీదికెక్కి, ముందుకాళ్లతో పిసుకుతూ, గుర్రుగుర్రుమంటూ అంచు చప్పరిస్తోందన్నావు. దానికి పిచ్చి పట్టిందని ఎవరో అన్నారట. ఆ మాట వదిలెయ్యి. ఇన్నేళ్లుగా పిల్లుల్ని పెంచుతున్నాను, ఇలాంటివాటిని మూడింటిని చూశాను.

కూన పాలు తాగేటప్పుడు తల్లి పొట్టను అలాగే ఒత్తుతుంది, పాలు దిగడానికి. నాలుగో వారం నుంచి మెల్లగా తిండి మరిగినా, ఎనిమిదో వారం దాకా తల్లి పాలు వదలదు. నీకు మెట్ల కింద దొరికేసరికి బుజ్జికి సరిగా నడకైనా రాలేదు కదా! అంత ముందే తల్లికి దూరమైనవాటిలో ఈ అలవాటు ఎక్కువ. సయామీ, బర్మీస్ జాతి పిల్లుల్లోనూ కనిపిస్తుంది. అలాగని గిన్నెలో ఆవుపాలు పోయకు. పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలు అరగవు, విరేచనాలవుతాయి. బుజ్జికి కావాల్సింది పాలు కాదు, నిద్రకు ముందు కాస్త ఊరట.

నువ్వు కనిపెట్టాల్సింది ఒకటే: చప్పరించి వదిలేస్తోందా, కొరికి మింగుతోందా?

చప్పరిస్తే దుప్పటి తడుస్తుంది, అంతే. మింగితే ప్రాణం మీదికొస్తుంది. మా గోధుమరంగు పిల్లి ఒకసారి కుట్టుమిషన్ కింద పడ్డ దారం మింగింది. రెండు రోజులు తిండి ముట్టలేదు, కక్కుతూనే ఉంది. మూడో రోజు వెనక నుంచి దారం కొస కనబడితే లాగబోయాను. పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. లోపల ఒక కొస చిక్కుకుని ఉంటే, లాగినప్పుడు దారం పేగును కోసేస్తుందట. పశువుల డాక్టరు ఆపరేషన్ చేసి తీశారు, బతికింది. ఆవిడ ఆ పూట రాకపోయి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ తలచుకుంటాను. నోట్లోంచి వేలాడినా సరే, దారాన్ని నువ్వు మాత్రం లాగకు.

అందుకే ఊలు స్వెటర్లు, రిబ్బన్లు, జడ రబ్బర్లు, సూదీ దారం అన్నీ బీరువాలో పెట్టి తాళం వెయ్యి. దానికంటూ పోగులు ఊడని మెత్తటి గుడ్డ ఒకటి ఇవ్వు. పడుకునే ముందు పావుగంట బాగా ఆడించి, తర్వాత అన్నం పెట్టు. కడుపు నిండి అలసిపోతే చప్పరించడం తగ్గుతుంది, మా ఇంట్లో తగ్గింది. కుండీలో గుప్పెడు గోధుమలు చల్లితే మొలిచిన గడ్డి నములుకుంటుంది.

కొట్టకు, అరవకు. భయపడితే ఇంకా ఎక్కువ చప్పరిస్తుంది. దుప్పటికి బామ్ పూయమని ఎవరైనా చెప్తే వినకు, అందులోని కర్పూరం పిల్లులకు విషం. ఇంతవరకూ లేని అలవాటు పెద్దయ్యాక హఠాత్తుగా మొదలైనా, మట్టీ ప్లాస్టిక్కూ కూడా తింటున్నా రక్తపరీక్ష చేయించు. రక్తహీనత ఉన్నా అలా చేయొచ్చు.

రేపు పొద్దున్నే ఆ దుప్పటి అంచు వెలుతురులో పట్టుకుని చూడు. తడి మాత్రమే ఉంటే తీరిగ్గా నాకు ఫోన్ చెయ్యి. ఎక్కడైనా ముక్క ఊడి, ఆ ముక్క ఇంట్లో కనబడకపోతే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లు, నాకు అక్కడి నుంచి చెప్పు.

మీ పెద్దమ్మ