పిక్కల నొప్పి, ఎర్ర కళ్లు, జ్వరం: టైఫాయిడ్ అనుకుని కూర్చోకండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది దివిసీమలో ఒక పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్నకు 57 ఏళ్లు, నాలుగెకరాల్లో వరి వేస్తారు. ఈసారి పొలంలో ఎలుకలు ఎక్కువగా ఉన్నాయని బుట్టలు పెట్టించారు. పడ్డవాటిని కొన్ని ఆయనే చేత్తో తీశారట. ఊడ్పులు అయిన వారానికి చలిజ్వరం వచ్చింది, ఇవాళ్టికి ఐదో రోజు. ఒళ్లంతా నొప్పులు, పిక్కలు పట్టేసి నడవలేకపోతున్నారు. కళ్లు ఎర్రబడితే కళ్లకలక అని చుక్కలు వేస్తున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు రక్తపరీక్ష చేయించి కొద్దిగా టైఫాయిడ్ ఉందన్నారు. రోజూ సెలైన్, నొప్పులకు ఇంజెక్షన్ ఇస్తున్నారు. జ్వరం తగ్గుముఖం పట్టింది. నా భయం వేరే. ఎలుకల వల్ల ప్లేగు వస్తుందంటారు కదా, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు. ఎలుకలు తిరిగిన ధాన్యం వాడుకోవచ్చా? ఎలుక కరిస్తే కుక్కకాటుకు వేసే ఇంజెక్షన్లు వేయించాలా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు ప్లేగు గురించి అడిగారు. నేను మాత్రం మీ ఉత్తరంలో పిక్కల దగ్గరే ఆగిపోయాను. బయట పేషెంట్లు కూర్చుని ఉన్నారు కాబట్టి ముందు అసలు సంగతి చెప్పేస్తాను. మీ నాన్నగారిని ఈరోజే కిడ్నీ, లివర్ పరీక్షలు చేయగలిగిన ఆసుపత్రికి తీసుకెళ్లమని ఇంటికి ఫోన్ చేయండి. అవనిగడ్డలో కుదరకపోతే మచిలీపట్నం, అక్కడా కాదంటే విజయవాడ. ఆదివారం మీరు వెళ్లేదాకా ఆగడం మాత్రం వద్దు. మిగతాది ఫోన్ చేశాక చదవండి.

ఊడ్పులు, మడిలో నీళ్లు, ఎలుకలు, ఆ తర్వాత చలిజ్వరం, పిక్కల నొప్పి, ఎర్ర కళ్లు. ఇవన్నీ ఒకే మనిషిలో కలిస్తే మాకు ముందుగా అనుమానం వచ్చేది లెప్టోస్పైరోసిస్ మీద. ఎలుక జ్వరం అని కూడా అంటారు. మనిషిని చూడకుండా ఇది అదేనని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. డెంగీ కావచ్చు, మలేరియా కావచ్చు, స్క్రబ్ టైఫస్ కావచ్చు. వీటిలో ఏదైనా సరే, ఇంట్లో సెలైన్ ఎక్కించుకుంటూ పడుకునే జబ్బు కాదు.

కళ్లకలకైతే మామూలుగా పుసి కడుతుంది, పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోతాయి. లెప్టోలో కళ్లు ఎర్రగా మారినా పుసి ఉండదు. పిక్కల సంగతి చూడాలంటే మీ అమ్మగారిని మెల్లగా ఒకసారి నొక్కమనండి. ఈ జబ్బులో చాలామంది చెయ్యి తగలగానే కాలు వెనక్కి లాక్కుంటారు. రోజంతా వంగి నాటు వేసిన అలసటకు అంత నొప్పి రాదు.

లెప్టోస్పైరోసిస్ తెచ్చే బ్యాక్టీరియా ఎలుక కిడ్నీల్లో కాపురం పెడుతుంది. ఎలుకకు ఏ జబ్బూ రాదు. హాయిగా తిరుగుతూనే నెలల తరబడి మూత్రంలో దాన్ని వదులుతూ ఉంటుంది. పొలం ఎలుక, పందికొక్కు, ఇంటి ఎలుక అన్న తేడా లేదు. పశువులు, పందులు, కుక్కలు కూడా మోస్తాయి. మడిలో నిలిచిన నీళ్లలో, తడి మట్టిలో అది వారాల పాటు బతకగలదు. నీళ్లలో నాని వేళ్ల సందులు పాచిన కాళ్లు, గడ్డి కోసిన గీతలు చాలు దానికి లోపలికి పోవడానికి. ఎలుక కరవనక్కర్లేదు, ముట్టుకోనక్కర్లేదు. మీరు బుట్టలోంచి ఎలుకను తీసిన చేతి గురించి ఆలోచిస్తున్నారు, నేను పొద్దస్తమానం మడిలో ఉన్న కాళ్ల గురించి ఆలోచిస్తున్నాను. లోపలికి వెళ్లాక ఎక్కువగా 5 నుంచి 14 రోజుల మధ్య జ్వరం మొదలవుతుంది. మీ నాన్నగారి లెక్క అందులోనే పడుతోంది.

ఇక 'జ్వరం తగ్గుముఖం పట్టింది' అన్న మాట. మీకది ఊరటలా ఉంది, నాకు లేదు. ఈ జబ్బు కొందరిలో రెండు విడతలుగా వస్తుంది. మొదటి వారం చివర జ్వరం తగ్గినట్టే తగ్గి, ఒకటి రెండు రోజులు మనిషి తేరుకున్నట్టు కనబడి, మళ్లీ తిరగబెడుతుంది. ఆ రెండో విడతలోనో, కొందరిలో అసలు విరామమే లేకుండానో, కామెర్లు రావడం, కిడ్నీలు దెబ్బతినడం, ఊపిరితిత్తుల్లో రక్తస్రావం జరగడం చూస్తాం. అందరికీ అలా జరగదు, చాలామందిలో తేలికగానే పోతుంది. మీ నాన్నగారు ఏ లెక్కలోకి వస్తారో రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పని చెప్పేది), బిలిరుబిన్ (కామెర్లు చెప్పేది), ప్లేట్‌లెట్లు, పొటాషియం చూస్తేగానీ తెలియదు. మూత్రం బాగానే వస్తోంది కదా అని ధీమా పడకండి. ఇందులో మూత్రం వస్తూనే కిడ్నీలు దెబ్బతినడం మామూలే.

ఇప్పుడు ఆ నొప్పుల ఇంజెక్షన్ గురించి. ఇది రాయకుండా నా చెయ్యి ఆగదు. మన పల్లెల్లో జ్వరం అనగానే నడుం దగ్గర పడే సూది చాలాసార్లు డైక్లోఫెనాకే. ఒళ్లు నొప్పులు గంటలో తగ్గుతాయి, చెమట పట్టి జ్వరం దిగుతుంది, డాక్టర్ చెయ్యి మంచిదని పేరొస్తుంది. అసలే బ్యాక్టీరియా కూర్చున్న కిడ్నీలకు ఈ మందు రక్తప్రసరణ తగ్గిస్తుంది. డెంగీలోలాగే లెప్టోలోనూ ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు కాబట్టి రక్తస్రావం భయం కూడా ఉంటుంది. పోయిన వానాకాలం నా దగ్గరికి ఒక కౌలు రైతు వచ్చాడు. ఆరు రోజులు, ఆరు సూదులు. నడుచుకుంటూ లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, క్రియాటినిన్ చూస్తే 6 దాటింది. మూడుసార్లు డయాలసిస్ చేయాల్సి వచ్చింది. బతికాడు, మళ్లీ పొలానికీ వెళ్తున్నాడు. ఆరు రోజుల ముందు వస్తే బహుశా మాత్రలతో పోయేది. సూది వేసిన ఆయన్ని నేనేమీ అనను, రాత్రి పదింటికి పిలిస్తే పలికేది ఆయనే. అయితే ఏ మందు వేశారో కాగితం మీద రాయించుకోండి, స్టెరాయిడ్ ఏమైనా కలిపారా అని కూడా అడగండి. ఆసుపత్రిలో మొదట అడిగేది అదే. అప్పటిదాకా జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఇంకేదీ వద్దు. అదీ డోసు దాటకుండా.

టైఫాయిడ్ 'కొద్దిగా' ఉండటం ఏమిటో నాకు ఇన్నేళ్లకీ అర్థం కాలేదు. అది బహుశా వైడాల్ పరీక్ష. మన దేశంలో ఎప్పుడో వచ్చిపోయిన ఇన్ఫెక్షన్‌కి కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. ఒక్క వైడాల్ కాగితం పట్టుకుని అసలు జబ్బును వదిలేసిన కేసులు చూసి చూసి విసిగిపోయాను. అలాగే ఆసుపత్రిలో లెప్టో ఐజీఎం (రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్ష) నెగెటివ్ వస్తే సంబరపడి తిరిగి రాకండి. మొదటి వారంలో యాంటీబాడీలు ఇంకా తయారుకాక నెగెటివ్ రావచ్చు. అందుకే అనుమానం గట్టిగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండానే మందు మొదలుపెడతారు. తేలికపాటి జబ్బుకు డాక్సీసైక్లిన్, ముదిరితే పెన్సిలిన్ గానీ సెఫ్ట్రియాక్సోన్ గానీ నరానికి. అన్నీ పాత మందులే, పెద్ద ఖర్చూ కాదు. పేరు రాశాను కదా అని మెడికల్ షాపుకి ఫోన్ చేయకండి దయచేసి. కిడ్నీ రిపోర్టు చూడకుండా సొంతంగా వేసుకునే మందు కాదది.

స్క్రబ్ టైఫస్ మాట ఎత్తాను కాబట్టి ఒక ముక్క. అది కూడా ఎలుకల చుట్టూ తిరిగేదే, ఎలుకల ఒంటి మీద ఉండే చిన్న నల్లి లాంటి పురుగు కుట్టి వస్తుంది. కుట్టినచోట సిగరెట్ కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది, నొప్పి ఉండదు. గజ్జల్లో, చంకల్లో, నడుం దగ్గర పంచె కట్టు కింద దాక్కుంటుంది. ఆయన్ని సిగ్గుపడకుండా డాక్టరుకు చూపించమనండి. పెచ్చు లేనంత మాత్రాన జబ్బు లేదనీ కాదు.

ఇక మీరు అడిగినవి. ప్లేగు గురించి టెన్షన్ పడకండి. 1994లో సూరత్ భయం, ఆ తర్వాత 2002లో హిమాచల్‌లో, 2004లో ఉత్తరాఖండ్‌లో చిన్నపాటి కేసులు వచ్చాయి. మీ ఇంటి పిల్లలకు ఇప్పుడు ఆ బెంగ అక్కర్లేదు. లెప్టో మాత్రం అలా కాదు. ప్రపంచంలో ఏటా 10 లక్షల మందికి పైగా దీని బారిన పడతారనీ, దాదాపు 60 వేల మంది చనిపోతారనీ అంచనా. కేరళలో 2018 వరదలప్పుడు నీళ్లలో దిగినవాళ్లకు వారానికోసారి డాక్సీసైక్లిన్ పంచారు. అండమాన్‌లో చాలాకాలం అంతుచిక్కని జ్వరంగా ఉన్నది చివరికి ఇదేనని తేలింది. వరి, చెరకు పండే దక్షిణ గుజరాత్‌లో వానాకాలం వస్తే ఆసుపత్రులు దీనికోసం సిద్ధంగా ఉంటాయి. మన డెల్టాలోనూ వరే, నీళ్లే, ఎలుకలే. పేరు మాత్రం 'టైఫాయిడ్' అని పెట్టుకుంటున్నాం.

ధాన్యం వాడుకోవచ్చు. ఎండితే ఈ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. బాగా చెరిగి, కడిగి వండుకుంటే భయం లేదు. ఎలుక పెంటికలు పొడిగా ఊడ్చకుండా బ్లీచింగ్ నీళ్లు చల్లి గుడ్డతో తీయండి. మూతలేని బిందెల్లో నీళ్లు, ఎలుకలు తిరిగినచోట ఉన్న వండకుండా తినేవి పిల్లలకు అందనివ్వకండి.

ఎలుక కరిస్తే మామూలుగా రేబిస్ టీకా అవసరం పడదు, గాయం చూసి డాక్టర్ నిర్ణయిస్తారు. సబ్బుతో పావుగంట ధారగా కడగడం, టీటీ సంగతి చూసుకోవడం తప్పనిసరి. గాయం మానాక కూడా జ్వరం, కీళ్లనొప్పులు మొదలైతే ఎలుక కరిచిందని గుర్తుపెట్టుకుని చెప్పండి. ఎలుక కాటుతో వచ్చే జ్వరం విడిగా ఉంది.

వచ్చే ఏడు నాట్లకు గమ్‌బూట్లు వేసుకోమని పుస్తకాల్లో రాస్తారు. దమ్ము చేసిన మడిలో బూటు దిగబడితే కాలొక్కటే పైకొస్తుందని నాకూ తెలుసు. కనీసం కాళ్లకు పుండ్లుంటే మానేదాకా మడిలోకి దిగొద్దనండి. బుట్టల్లో ఎలుకలు తీసేటప్పుడు గ్లవుజులు, గట్టెక్కగానే శుభ్రమైన నీళ్లు, సబ్బు. ఎలుకల మందు ఒక్క పొలంలో పెడితే పక్క పొలంలోంచి వచ్చేస్తాయి, దానికి మీ వ్యవసాయాధికారిని అడగండి, నా సబ్జెక్ట్ కాదు.

దగ్గులో రక్తం పడినా, ఆయాసం వచ్చినా, కళ్లు పచ్చబడినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయాలి, బస్సు కోసం చూడకూడదు. కామెర్లని పసరు తాగించడానికి ఎవరైనా బయల్దేరితే వాళ్లను ఆపే బాధ్యత మీదే. ఇంకా ఫోన్ చేయకపోతే ఇప్పుడు చేయండి. పొద్దుటి నుంచి మూత్రం ఎన్నిసార్లు వచ్చింది, ఏ రంగులో ఉంది, అమ్మగారిని అడిగి రాసుకోండి.